తక్కువ శబ్దపు రోడ్డుకు అయిదో ఏటి లెక్క కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్ళను ఆనుకుని పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్ళు లారీలు ఆగవు. రహదారి పక్క కాలనీల వాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు టైర్ల హోరు తట్టుకోలేక ‘శబ్దం రాని రోడ్డు’ వేయమని అడుగుతున్నారు. అడగాల్సిందే. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంలో అది 50, 40. రహదారి వారనున్న ఇళ్ళలో ఈ హద్దులు నిలబడవని చెప్పడానికి మీటరు కూడా అక్కర్లేదు. శబ్దం తగ్గించే పై పొరలు నిజంగానే ఉన్నాయి, పనిచేస్తాయి. కానీ వేసిన మొదటి నెలలో కొలిచిన తగ్గుదల అయిదో ఏటికి ఉండదు. ఎందుకు ఉండదో, మన నేలమీద ఇంకా త్వరగా ఎందుకు పోతుందో తెలిసి అడిగితేనే పెట్టిన డబ్బు దక్కుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు శబ్దం ఎక్కడ పుడుతుందో చూద్దాం. కారు గంటకు 40–50 కిలోమీటర్లు దాటితే ఇంజను కన్నా టైరు శబ్దమే ఎక్కువ. లారీకి ఆ గీత ఇంకొంచెం పైన, 60–70 దగ్గర ఉంటుంది. టైరు గాడుల్లో చిక్కిన గాలి రోడ్డుకు నొక్కుకుని, వదలగానే బయటికి చిమ్ముతుంది. ఇది 1000 హెర్ట్జ్‌కు పైనుండే సన్నని ఈల. టైరు దిమ్మలు కంకర మొనలకు తగిలి అదిరితే వచ్చేది అంతకంటే కిందుండే బొంగురు హోరు. ఈ రెండింటినీ టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న సన్నని కోణం ఇంకా పెంచుతుంది.

మనకు అలవాటైన బీటీ (మామూలు తారు) రోడ్డు పై పొరలో గాలి ఖాళీలు 3 నుంచి 5 శాతం. శబ్దం తగ్గించడానికి వేసే పోరస్ తారులో, అంటే సందులుండే తారు పొరలో, 18 నుంచి 25 శాతం. పొడి బాగా తగ్గించి, దాదాపు ఒకే సైజు కంకర వేస్తారు కాబట్టి రాళ్ళ మధ్య సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. టైరు కింది గాలి ఆ సందుల్లోకి దిగిపోతుంది, ఈల పుట్టదు. పుట్టిన శబ్దంలో కొంత ఆ సందుల్లోనే అణిగిపోతుంది. 40–50 మిల్లీమీటర్ల పొర అయితే ఈ అణిచివేత సరిగ్గా 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే టైరు శబ్దం గరిష్ఠంగా ఉన్నచోట, ఎక్కువగా జరుగుతుంది. కొత్తలో మామూలు బీటీతో పోలిస్తే 3 నుంచి 6 డెసిబెళ్ళు తగ్గడం ఇందువల్లే.

డెసిబెల్ లెక్క కొంచెం వంకర. 3 డెసిబెళ్ళు తగ్గడమంటే రోడ్డు మీద వాహనాల్లో సగం తీసేసినట్టు. 4 తగ్గితే నూటికి 60 వాహనాలు తీసేసినట్టు. పోరస్ తారు ఏడాదికి దాదాపు అర డెసిబెల్, చెడ్డచోట ఒక డెసిబెల్ దాకా పోగొట్టుకుంటుంది. అర చొప్పున వేసుకున్నా 4తో మొదలైన రోడ్డు అయిదేళ్ళకు ఒకటిన్నరకు దిగుతుంది. అంటే నూటికి 30 వాహనాలు కూడా తీయనట్టు. ఎనిమిదేళ్ళ సగటు చూస్తే 2 డెసిబెళ్ళు. ప్రాజెక్టు నివేదికలో రాయాల్సింది ఈ 2. రాసేది మాత్రం 4.

పోగొట్టే కారణాల్లో మొదటిది దుమ్ము పట్టడం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మిగతావన్నీ దీని తర్వాతే. పోరస్ పొర మీద పడ్డ సన్నని మట్టి, టైర్ల అరుగుదల పొడి వాన నీటితో సందుల్లోకి దిగి, చాలావరకు పై ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఇరుక్కుంటాయి. కింద ఖాళీలు అలాగే ఉన్నా పైన మూత పడితే గాలికి దారి లేదు. యూరప్ దేశాల్లో వేగపు రహదారులమీద ఇది నిదానంగా జరుగుతుంది. వానలో 80–100 వేగంతో పోయే టైరు సందుల్లోని నీటిని నొక్కి, పీల్చి, మట్టిని తనే బయటికి లాగుతుంది. అందుకే అక్కడ కూడా బండ్లు తిరిగే వరుసలు తేటగా ఉంటాయి, ఎవరూ తిరగని అంచు వరుస ముందుగా పూడుకుపోతుంది. ఇదే పొరను 30–40 వేగపు ఊరి వీధిలో వేస్తే కడిగే చక్రం ఉండదు కాబట్టి రెండు మూడేళ్ళలో పూడుతుంది. 1999లో కోపెన్‌హాగన్‌లో ఒక నగర వీధిలో రెండు పొరల పోరస్ తారు వేసి, ఏడాదికి రెండుసార్లు అధిక పీడనపు నీటితో కడిగారు. అంత కడిగినా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుదల తరిగిపోయింది.

ఇక మన రోడ్డు మీద ఏం పడుతుందో చూడండి. చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైటు లారీలతో రాతిపొడి వస్తుంది. క్రషర్ల నుంచి టార్పాలిన్ లేకుండా వచ్చే టిప్పర్లు డస్టు చల్లుకుంటూ పోతాయి. పెన్నా ఇసుక లారీలు తడి ఇసుకతో ఎక్కి దారంతా కారుస్తాయి. వరి నాట్ల కాలంలో ఇనప చక్రాల ట్రాక్టర్లు మడిలోంచి నేరుగా తారు మీదికెక్కి బంకమన్ను గడ్డలు వదులుతాయి. కోతలయ్యాక సర్వీసు రోడ్డు మీద, ఒక్కోచోట మెయిన్ రోడ్డు అంచు వరుసలోనే వడ్లు ఆరబోస్తారు. తాలు, పొట్టు, దుమ్ము కలిసి సందుల్లోకి దిగుతాయి. వీటన్నిటిలో బంకమన్నే ముదురు. ఇసుకను నీళ్ళు కదిలిస్తాయి. బంకమన్ను తడిసి, రోహిణి ఎండకు ఎండి, గట్టిపడితే యంత్రంతో కడిగినా పూర్తిగా రాదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలు తప్పితే రోడ్డును కడిగే వాన అంతంతమాత్రం. ఏడాదిలో తొమ్మిది నెలలు పడ్డ దుమ్ము పడ్డట్టే ఉంటుంది.

మట్టి మార్జిన్ గురించి విడిగా చెప్పాలి. పోరస్ పొరలోకి దిగిన నీరు ఆ పొర అడుగున పక్కవాలుగా ప్రవహించి అంచున బయటపడాలి. అంచు తెరిచి ఉండాలి. మన దగ్గర ఏటా మార్జిన్‌కు గ్రావెల్ తోలి, రోడ్డు అంచుకు సమంగా, కొన్నిచోట్ల రెండు మూడు అంగుళాలు ఎత్తుగా నింపుతారు. మామూలు బీటీకే అది చేటు. పోరస్ తారుకు ప్రాణాంతకం. నీరు లోపలే నిలిచి, మట్టిని అక్కడే దించి, తారును రాతి నుంచి విడదీస్తుంది.

దుమ్ము ఎలాగో ఆపామనుకున్నా, రెండో కారణం కంకర లేచిపోవడం. సందులున్న పొరలో గాలి, ఎండ తారులోకి పైనుంచీ లోపలినుంచీ చేరతాయి. అందుకని మామూలు బీటీ కన్నా త్వరగా తారు ముదిరి పెళుసవుతుంది. మన ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. పెళుసెక్కిన తారు రాయిని పట్టి ఉంచలేదు. ముందు చక్రాల జాడల్లో, బ్రేకు వేసేచోట, యూటర్న్‌ల దగ్గర ఒక్కో రాయి ఊడుతుంది. ఒక రాయి పోతే పక్క రాయికి ఆసరా పోతుంది. ఊడినచోట గుంత మొన తేలి టైరుకు కొడుతుంది, బొంగురు హోరు పెరుగుతుంది. అంటే ఈల తగ్గించడానికి వేసిన రోడ్డు ముసలైతే కొత్త బీటీ కన్నా ఎక్కువ మోగే రోజు కూడా వస్తుంది.

మూడోది అణగడం. పరిమితికి మించిన బరువుతో, ఎండకు మెత్తబడ్డ పొరమీద టిప్పర్లు పోతే చక్రాల జాడల్లో సందులు మూసుకుపోతాయి. కృష్ణపట్నం పోర్టు దారి లాంటి చోట పోరస్ తారు వేయవద్దని మా అభిప్రాయం.

వేసేటప్పుడు జరిగే పొరపాట్లు ఈ మూడింటినీ ముందుకు లాగుతాయి. సాదా వీజీ-30 గ్రేడు తారుతో ఈ పొర నిలవదు. పాలిమర్ కలిపిన తారు, మిశ్రమంలో 0.3 శాతం దాకా సెల్యులోజ్ పీచు కావాలి. పీచు లేకపోతే ప్లాంటు నుంచి సైటుకు వచ్చేలోపు వేడి తారు రాళ్ళ మీదనుంచి జారి టిప్పరు అడుగున చేరుతుంది. పైనున్న మాలు పొడిబారి, అడుగున ఉన్నది జిడ్డుగా వస్తుంది. వేశాక పొడిబారిన చోట కంకర లేస్తుంది, జిడ్డున్న చోట సందులు పూడతాయి. సిలికా ఎక్కువున్న గ్రానైటు జాతి కంకర నీళ్ళు తగిలితే తారును త్వరగా వదిలేస్తుంది. తడి పరీక్షలో బలం చాలకపోతే బరువులో 2 శాతం దాకా సున్నం కలపాలి. కంకర ఊడకుండా ఎంత నిలుస్తుందో చూసే క్యాంటాబ్రో పరీక్ష తప్పనిసరి. ఇనప గుండ్లు లేకుండా కంకర అరుగుదల చూసే లాస్ ఏంజెలిస్ డ్రమ్ములో మిశ్రమపు దిమ్మెను 300 చుట్లు తిప్పితే కొత్త దిమ్మె 20 శాతానికి మించి, కృత్రిమంగా ముదిరించిన దిమ్మె 30 శాతానికి మించి అరగకూడదు. కొత్త దిమ్మె నెగ్గి, ముదిరినది తప్పితే ఆ మిశ్రమం రెండు మూడు ఎండాకాలాల్లో లేచిపోతుందని అర్థం. రోలరును వైబ్రేషన్ ఆపి, ఇనప చక్రాలతో రెండు నుంచి నాలుగు సార్లు మాత్రమే నడపాలి. బీటీ అలవాటులో వైబ్రేషన్ పెట్టి, గాలి టైర్ల రోలరు కూడా తిప్పితే రాయి పగిలి, సందు మూసుకుని, తొలిరోజే సగం పని చెడుతుంది. పోరస్ పొర కింది పొర నీరు దిగకుండా గట్టిగా సీలు చేసి ఉండాలి. లేకపోతే నీరు కిందనున్న డీబీఎం (దట్టమైన తారు కంకర) పొరలోకి దిగి అడుగునుంచి కుళ్ళబెడుతుంది.

వేశాక జరిగే ఒక తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. కేబుల్ కోసమో పైపు కోసమో అడ్డంగా తవ్వి, మామూలు బీటీ మిశ్రమంతో పూడ్చితే ఆ అతుకు లోపలి నీటికి ఆనకట్ట అవుతుంది. దానికి ఎగువ భాగం బురదతో నిండి, వాన లేని రోజుల్లో కూడా చెమ్మగా కనిపిస్తుంది. అతుకు దగ్గర టైరు దడదడ అదనం.

కడగడం వల్ల లాభం ఉందా అంటే, ఉంది, మొదటినుంచీ కడిగితే. అధిక పీడనంతో నీటిని చిమ్మి, అదే యంత్రం వెంటనే ఆ బురద నీటిని పీల్చుకోవాలి. పీల్చే భాగం లేని ట్యాంకరు తెచ్చి నీళ్ళు కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. ఏడాదికి రెండుసార్లు, మన దగ్గరైతే నాట్లయిన వెంటనే ఒకసారి, వడ్లు ఆరబోత ముగిశాక ఒకసారి చేయాలి. పీడనం మరీ పెంచితే ముదిరిన పొరలో రాళ్ళే లేస్తాయి. పూర్తిగా పూడిన తర్వాత కడిగినా పోయిన డెసిబెళ్ళు తిరిగి రావు, నీరు దిగడం మాత్రం కొంత మెరుగవుతుంది. ఆ యంత్రం, ఆ ఖర్చు, ఆ బాధ్యత ఎవరిదో టెండరులో లేకుండా పోరస్ తారు వేయడం వృథా.

రెండు పొరలుగా వేసే పద్ధతి కూడా ఉంది. పైన 25 మిల్లీమీటర్ల మందంలో 4–8 మిల్లీమీటర్ల చిన్న కంకర, కింద 45 మిల్లీమీటర్లలో 11–16 మిల్లీమీటర్ల పెద్ద కంకర వేస్తారు. పైది జల్లెడలా మట్టిని ఆపుతుంది, కింది పెద్ద సందుల్లోంచి నీరు పోతుంది. కొత్తలో తగ్గుదల ఒంటి పొరకన్నా ఎక్కువ. ఖర్చూ ఎక్కువ, పైపొర సున్నితం. మన దుమ్ముకు ఆ జల్లెడ ఎంత త్వరగా నిండుతుందో తలచుకుంటే వేయమని చెప్పడానికి మనసు రాదు.

ఇతర దేశాల అనుభవం ఇదే చెబుతుంది. నెదర్లాండ్స్ తన ప్రధాన రహదారుల్లో అత్యధిక భాగానికి పోరస్ తారు వేసింది. కానీ 10–12 ఏళ్ళకు పైపొర తీసి మళ్ళీ వేయాల్సి వస్తుందని లెక్కలోనే పెట్టుకుంది, ముసలితనం కలిపిన సగటు అంకెతోనే శబ్దం అంచనా వేస్తుంది. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం 2003లో ఫీనిక్స్ చుట్టుపక్కల కాంక్రీటు రహదారులమీద ఒక అంగుళం రబ్బరు తారు పొర పరిచే కార్యక్రమం మొదలుపెట్టింది. తొలినాళ్ళలో తగ్గుదల చాలా బాగుంది. ఏళ్ళకొద్దీ అది తగ్గుతూ, పొర ముదిరి లేవసాగింది. తర్వాత చాలా భాగాల్లో ఆ పొర తీసేసి, కింది కాంక్రీటునే వజ్రపు బ్లేళ్ళతో పొడవు దిశలో సన్నగా గీసి వదిలారు.

ఆ మాట మన సీసీ రోడ్లకు పనికొస్తుంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు బ్రష్షుతోనో దువ్వెన పళ్ళ పనిముట్టుతోనో అడ్డంగా గాట్లు పెడతారు. గాట్లు 20 మిల్లీమీటర్లకొకటి ఉంటే, 80 వేగంతో సెకనుకు 22 మీటర్లు పోయే టైరు సెకనుకు 1,100 గాట్లు దాటుతుంది. అంటే 1,100 హెర్ట్జ్ ఈల, చెవిని బాగా బాధించే చోట. గాట్లను పొడవు దిశలో పెడితే ఆ ఈల పుట్టదు. అదనపు ఖర్చు లేదు, పోరస్ తారులా త్వరగా ముసలిది కాని తగ్గుదల ఇది. కొత్త సీసీ రోడ్డు వేసే ప్రతిచోటా ఇది ఎందుకు అడగరో మాకు అర్థం కాదు.

మరి బీటీ రోడ్లకు ఏం వేయాలి? మా మాట సూటిగా చెబుతాం. నెల్లూరు ట్రంకు రోడ్డు, ఒంగోలు కర్నూలు రోడ్డు లాంటి ఊరి లోపలి దారుల్లో ఏ నిశ్శబ్దపు పొర వేసినా డబ్బు దండగ. అక్కడ వేగం తక్కువ, వినిపించేది హారన్లు, ఇంజన్లు. అక్కడ హారన్లను ఆపాలి. బైపాస్ మీద, కాలనీల పక్కన, జంక్షన్లు లేని నిడివిలో పోరస్ తారు ఆలోచించవచ్చు, అదీ అంచు వరుసకు మట్టి రాకుండా, పక్కకాలువ తెరిచి, కడిగే ఏర్పాటుతో. దాని కోసం ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 129వ నంబరు ప్రమాణాలు ఉన్నాయి. మిగతా చోట్ల చిన్న కంకరతో స్టోన్ మ్యాట్రిక్స్ అస్ఫాల్ట్ (ఎస్ఎంఏ), అంటే రాయికి రాయి ఆనేలా ఎక్కువ తారుతో వేసే దట్టమైన పొర, మేలు. దీనికి ఐఆర్‌సీ ప్రత్యేక ప్రచురణ (ఎస్‌పీ) 79 ఉంది. ఖాళీలు 4 శాతమే కాబట్టి శబ్దాన్ని మింగదు, తగ్గించేదల్లా చిన్న కంకర వల్ల తగ్గే అదురు, ఒకటిన్నర నుంచి మూడు డెసిబెళ్ళు. ఇదీ ఏళ్ళతో తగ్గుతుంది. అయితే పూడడానికి దీనిలో ఒకదానితో ఒకటి కలిసిన సందులే లేవు, ఎక్కువ తారు, పీచు ఉండటంతో కంకర గట్టిగా పట్టుకుంటుంది, అధిక బరువులకు చెక్కుచెదరదు. అయిదో ఏట మిగిలేదాన్ని పోల్చితే, మన పరిస్థితుల్లో ఇది పోరస్ తారుతో సమానంగానో ముందుగానో ఉంటుందని మా నమ్మకం.

ఏది వేసినా, ఇళ్ళ ఎదుట వేగం తగ్గించే రంబుల్ పట్టీలు వేస్తే ఆ తగ్గుదల అంతా ఆ ఒక్క దడదడలో పోతుంది. పట్టీలు వేయాల్సిన చోటుకు ముందు ఇళ్ళున్నాయో లేవో చూడాలి.

కొలత విషయంలో ఎక్కువ మోసపోయేది ఇక్కడే. పాత బీటీ, కంకర లేచి, అతుకులు పడ్డది ఉన్నప్పుడు కొలిచి, దాని మీద కొత్త పొర వేసి మళ్ళీ కొలిస్తే ఏ కొత్త రోడ్డైనా నిశ్శబ్దంగానే కనబడుతుంది. మామూలు కొత్త బీటీతో పోల్చాలి. రెండోది ఎండ. వేడికి టైరు మెత్తబడి శబ్దం తగ్గుతుంది, మామూలు తారు మీద పది డిగ్రీలకు సుమారు ఒక డెసిబెల్, పోరస్ మీద దాదాపు సగం. డిసెంబరు తెల్లవారుజామున పాత రోడ్డు, మే మధ్యాహ్నం కొత్త రోడ్డు కొలిస్తే డెసిబెల్‌కు పైగా ఉత్తినే కలిసొస్తుంది. 20 డిగ్రీలకు సవరించి రాయమని అడగాలి. కొలిచే పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11819 ఉంది. రోడ్డు పక్కన వరుస మధ్య నుంచి 7.5 మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెట్టి కనీసం 100 కార్లు, 80 భారీ వాహనాలు విడివిడిగా కొలవడం ఒకటి. ట్రైలరులో పరీక్ష టైరు పక్కన 20 సెంటీమీటర్ల దూరంలో, రోడ్డుకు 10 సెంటీమీటర్ల పైన మైకులు పెట్టి రోడ్డంతా లాక్కుపోవడం ఇంకొకటి. ఏ కిలోమీటరు దగ్గర పూడిందో రెండోదానితోనే తెలుస్తుంది. రఫ్‌నెస్ (రోడ్డు కుదుపు అంకె) మంచిగా ఉందని చూపిస్తే ఒప్పుకోకూడదు. కుదుపు మీటర్ల పొడవు ఎత్తుపల్లాలది, శబ్దం మిల్లీమీటర్లది.

ఖర్చులేని పరీక్షలు కూడా ఉన్నాయి. పోరస్ పొరమీద అడుగు తెరిచిన గొట్టాన్ని మైనంతో అంటించి, కొలిచిన నీరు పోసి, ఎన్ని సెకన్లలో దిగిందో రాసుకోవాలి. అదేచోట ఆరు నెలలకొకసారి చేస్తే పూడడం కళ్ళకు కనబడుతుంది. చక్రాల జాడలో ఒకటి, జాడల మధ్య ఒకటి, అంచున ఒకటి చేయాలి. మామూలు బీటీకి, ఎస్ఎంఏకు ఇసుక పరీక్ష చాలు. 25 మిల్లీలీటర్ల సన్నని ఇసుకను గుండ్రంగా పరిస్తే వృత్తం వ్యాసం 20 సెంటీమీటర్లు వచ్చిందంటే ఉపరితలపు సగటు లోతు 0.8 మిల్లీమీటర్లు. ఏళ్ళతో ఈ లోతు పెరుగుతూ పోతే కంకర మధ్య మసాలా ఊడుతోందని అర్థం. పోరస్ తారు మీద ఈ పరీక్ష పనికిరాదు, ఇసుక సందుల్లోకి దిగిపోతుంది.

కాబట్టి కాలనీ సంఘాలు, ఆసుపత్రులు ఇచ్చే వినతిపత్రాల్లో ‘శబ్దం రాని రోడ్డు’ అని ఒక్క మాట రాసి వదలకండి. వేసిన మూడు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏటా అదే నెలలో అదేచోట శబ్దం కొలిచి బయటపెట్టాలని, అయిదో ఏట ఇన్ని డెసిబెళ్ళు మిగలాలని, మిగలకపోతే పైపొర ఎవరు తీసి వేయాలని ఒప్పందంలో రాయించండి. కడిగే యంత్రం, మార్జిన్ ఎత్తు, తవ్వి పూడ్చే మిశ్రమం ఆ ఒప్పందంలోనే ఉండాలి. వచ్చే రెన్యువల్‌కు ముందు, ఈ ఈశాన్య వానలు ఆగిన జనవరిలో, ఇప్పుడున్న పొర మీద తొలి కొలత తీసి పెట్టుకుంటే తర్వాతి అంకెలన్నిటినీ దేనితో పోల్చాలో ఉంటుంది.

ఇట్లు,
రహదారి నిర్మాణం, నాణ్యత పరీక్షల పనిలో ఉన్న కొందరు ఇంజనీర్లు,
నెల్లూరు.